నల్లమలలో పులులున్నా సఫారీలో ఎందుకు కనబడవు?

కర్నూలు నుంచి నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా శ్రీశైలం వెళ్లేవాళ్లకు బైర్లూటి దగ్గర పడ్డాక పులి బొమ్మల బోర్డులు కొత్తేమీ కాదు. వేగం తగ్గించండి, హారన్ కొట్టకండి, బండి దిగకండి అని రాసుంటుంది. అదే అడవిలో డబ్బు కట్టి సఫారీకి వెళ్లొచ్చినవాళ్లను అడగండి. నెమళ్లు, దుప్పులు, కొండముచ్చులు, ఒళ్లంతా దుమ్ము. ఆ వెంటనే వచ్చే ప్రశ్న కూడా అందరికీ తెలిసిందే: "అసలు పులులున్నాయా, ఊరికే చెప్తారా?"

ఉన్నాయి. 2018 జాతీయ లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో 48 పులులని తేలితే, 2022 లెక్కల్లో అవి 63 అయ్యాయి. వాటిలో అత్యధికం నల్లమలవే. మరి కనబడవెందుకు? గైడు చేతగానివాడనో, డ్రైవరు తొందరపడ్డాడనో, మన అదృష్టం బాగాలేదనో అనుకుని వదిలేస్తాం. నా ఉద్దేశంలో అదృష్టం వాటా ఇందులో కొంతే. చట్టం, వాన, ఆకు, దుప్పుల సంఖ్య కలిసి చాలావరకు ముందే తేల్చేస్తాయి, ఏ నెలలో ఏ దారిన వెళ్తే ఏం కనబడుతుందో.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం. నల్లమలను చాలామంది నేషనల్ పార్క్ అంటారు. కాదు. అది 1978లో అభయారణ్యం అయింది, 1983లో టైగర్ రిజర్వు అయింది. నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంతో పాటు దక్షిణాన గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం కూడా ఇప్పుడు టైగర్ రిజర్వులో భాగమే. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వుగా తెలంగాణకు పోయింది. ఇవతల మిగిలిందే మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైన ఉంది, దేశంలో అతి పెద్ద రిజర్వుల్లో ఒకటి. 2022లో జిల్లాలు విడగొట్టాక కర్నూలు వాటా నల్లమల నంద్యాల జిల్లాలోకి వెళ్లింది గానీ, మాటల్లో ఇంకా కర్నూలు నల్లమలే.

చట్టం ప్రకారం నేషనల్ పార్కుకూ అభయారణ్యానికీ పెద్ద తేడా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేషనల్ పార్కులో ఎవరి హక్కులూ మిగలవు, పశువుల మేత అసలే కుదరదు. అభయారణ్యంలో కొన్ని పాత హక్కులు కొనసాగనివ్వొచ్చు. టైగర్ రిజర్వు అనేది వీటి మీద పరిచిన మరో పొర. 2006 సవరణతో దానికి చట్టంలో చోటు దొరికింది. లోపలి భాగం కోర్, చుట్టూ బఫర్. చిత్రమేమిటంటే, ఇంత పెద్ద నల్లమలకు లేని నేషనల్ పార్కు హోదా ప్రొద్దుటూరు దగ్గర పెన్నా ఒడ్డునున్న రామేశ్వరానికి ఉంది. విస్తీర్ణం 2.4 చదరపు కిలోమీటర్లు! హోదా చూసి వెళ్లి పులి కోసం వెతికితే పొద్దున మొదలుపెట్టి టిఫిన్ వేళకు పార్కంతా తిరిగేయొచ్చు. సీమకు చెందిన అసలైన పెద్ద నేషనల్ పార్కు శేషాచలం కొండల్లోని శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు. 1989లో ప్రకటించారు, 353 చదరపు కిలోమీటర్లు, చిత్తూరు వైపు కొంత, కడప వైపు కొంత. తలకోన జలపాతం దానిలోనిదే. కానీ అది ఎర్రచందనం అడవి. స్మగ్లర్ల బెడద వల్ల లోపలికి ఎవరు వెళ్తున్నారన్న దాని మీదే అక్కడ సిబ్బంది కన్నంతా. అందుకే మన ప్రాంతంలో సఫారీ అంటే చివరకు నల్లమలే అవుతుంది.

ఇక అడవి సంగతి. దీన్నే కాస్త నిదానంగా చూడాలి.

నల్లమల ఆకురాల్చే అడవి. వాన ఏడాదిలో నాలుగైదు నెలలు, మిగతా అంతా ఎండ. నల్లమద్ది, చిరుమాను, ఏపి, తునికి, మోదుగ, కొండగోగు, టేకు, మధ్యమధ్యలో వెదురు పొదలు. నీళ్లు తగ్గేకొద్దీ చెట్టు తన ఖర్చు తగ్గించుకుంటుంది. చెట్టులోని నీరు ఆవిరయ్యేది ఎక్కువగా ఆకుల నుంచే కాబట్టి ముందుగా వాటినే వదిలేస్తుంది. జనవరిలో పండిపోవడం మొదలై, ఫిబ్రవరి చివరికల్లా కొండవాలు మొత్తం బోసిపోతుంది. అప్పటికి ఆకు లేని కొమ్మల నిండా మోదుగ పూసి ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలుతుంది, దాని కోసం ఎలుగుబంట్లు దిగుతాయి.

వానాకాలంలో ఇదే అడవి ఎలా ఉంటుందో చెప్పడానికి మనకు మరిచిపోలేని ఉదాహరణ ఒకటుంది. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ ఈ అడవి మీదే కనిపించకుండా పోయింది. విమానాలు, హెలికాప్టర్లు, వేల మంది పోలీసులు, చెంచులు, చుట్టుపక్కల ఊళ్ల జనం అందరూ వెతికినా పావురాలగుట్ట మీద శకలాలు దొరికేసరికి మర్నాడు పొద్దున అయింది. రాష్ట్రం మొత్తం వెతుకుతున్న హెలికాప్టరే అంతసేపు దొరకని పచ్చదనంలో, దాక్కోవడమే బతుకుగా పుట్టిన జంతువును జీపులో కూర్చుని చూద్దామనుకుంటే ఎట్లా?

అందుకే సెలవులకు అనుకూలంగా ఉండే నెలలు, చూపుకు అనుకూలంగా ఉండే నెలలు ఇక్కడ కలవవు. దసరా నుంచి సంక్రాంతి దాకా చలి హాయిగా ఉంటుంది, కొండలు పచ్చగా ఉంటాయి, ఫొటోలు బాగా వస్తాయి. కానీ బోదగడ్డి ఎత్తుగా నిలబడి ఉంటుంది, ప్రతి వాగులో నీళ్లుంటాయి. జంతువు ఎక్కడైనా తాగొచ్చు, ఎక్కడైనా పడుకోవచ్చు. రోడ్డుకు పది అడుగుల దూరంలో కణితి (సాంబార్ జింక) నిలబడినా మనకు తెలియదు. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఆకు లేదు, గడ్డి ఎండి వాలిపోయింది, నీళ్లు కొన్ని చోట్లకే పరిమితమయ్యాయి. అన్ని కాళ్లూ అక్కడికి రాక తప్పదు. మనకు మధ్యాహ్నం నలభై డిగ్రీల ఎండ, వేడిగాలి. పిల్లాపాపలతో వెళ్లే కాలం కాదు, నిజమే. కానీ జంతువులు కనబడేది అప్పుడే.

ఈ కిటికీ కూడా ఎక్కువకాలం తెరిచి ఉండదు. చాలా చెట్లు తొలకరి కోసం ఆగవు, ఏప్రిల్, మే నెలల్లో వాన పడకముందే కొత్త చిగురు వేస్తాయి. బీడీలకు తునికాకు కోసేది ఆ సీజన్లోనే గదా. ఆ చిగురుతో అడవి మళ్లీ మెల్లగా తెర దించుకుంటుంది.

నీళ్లు ఎక్కడ మిగులుతాయన్నది రాయిని బట్టి ఉంటుంది. నల్లమల కొండలు భూగర్భ శాస్త్రవేత్తలు కడప బేసిన్ అని పిలిచే, వంద కోట్ల ఏళ్లకు పైబడిన శిలలతో తయారైనవి. గట్టి క్వార్ట్‌జైట్, దాని కింద పలకరాయి. పైన పడ్డ వాన క్వార్ట్‌జైట్ పగుళ్ల గుండా దిగి, పలకరాయి అడ్డం పడిన చోట పక్కకు ఊటగా బయటికొస్తుంది. కొన్ని ఊటలు ఎండాకాలంలోనూ ఆగవు. మహానంది కోనేరు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు, ఏడాది పొడవునా పారే ఆ నీటితో చుట్టుపక్కల పొలాలు పండుతున్నాయి. లోపలి అడవిలో, కడప జిల్లా లంకమల కొండల్లో కూడా కోనల్లో ఊట ఉన్న చోటల్లా ఒక శివుడో నరసింహుడో వెలిసి ఉంటాడు. మనిషికి పూజకు నీళ్లు కావాలి, దుప్పికి తాగడానికి కావాలి, దుప్పి కోసం పులి వస్తుంది. అందరి దారీ ఒకటే కావడం వల్లే ఈ అడవిలో సగం చిక్కులు.

ఊటలు లేని చోట అటవీ శాఖ సాసర్ పిట్‌లు కడుతుంది. సిమెంటుతో నేలమట్టానికి, లోతు లేకుండా కట్టిన తొట్టి. కొన్నింటికి సోలార్ బోరు ఉంటుంది, కొన్నింటిని ట్యాంకర్‌తో నింపాలి. ఏప్రిల్‌లో అలాంటి తొట్టి దగ్గర జీపు ఆగితే తొట్టిలోకి కాకుండా దాని చుట్టూ ఉన్న తడి మట్టిలోకి చూడండి. అంచున తేనెటీగలు బారులు తీరి ఉంటాయి. నెమలి వేళ్ల గీతలు, పంది గిట్టలు, వాటి మీద దుప్పి గిట్టలు, ఎవరు ముందు వచ్చారో ఎవరు తర్వాత వచ్చారో వరుసగా కనబడుతుంది. ఎలుగుబంటి వచ్చి ఉంటే మనిషి అడుగును తలపించే వెనకపాదం ముద్ర, ముందుపాదాల గోళ్ల గాట్లు. పులి అడుగులో గోళ్లు పడవు, నడిచేటప్పుడు లోపలికి ముడుచుకుంటుంది. రేచుకుక్క (అడవికుక్క) అడుగులో పడతాయి. గైడును అడిగి ఇవి చూపించుకున్నవాళ్లు సఫారీ నుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చామని అనరు.

చెవి కూడా పనిచెయ్యాలి. ఎండిన టేకాకు మీద నెమలి నడిచినా పెద్ద జంతువేదో వస్తున్నట్టే ఉంటుంది, మొదటిసారి వెళ్లినవాళ్లు దాంతోనే గుండె పట్టుకుంటారు. నమ్మాల్సింది హెచ్చరిక అరుపుల్ని. కొండముచ్చు చెట్టు మీద నుంచి అరుస్తుంది, దుప్పి కీచుగా కూస్తుంది. ఈ రెండూ కలిసే తిరుగుతుంటాయి. కొండముచ్చు పైనుంచి పడేసే ఆకులు, కాయలు ఆకురాలే కాలంలో దుప్పికి మంచి మేత. ఇవి చిన్నదానికీ అరుస్తాయి. కణితి అరుపుకు మాత్రం విలువెక్కువ. అది ఒకచోట నిలబడి ఆగి ఆగి అరుస్తోందంటే అనుభవమున్న ట్రాకరు ఇంజను ఆపమంటాడు. అలాంటప్పుడు "ఇంకా ఎంతసేపు, పోనీ అన్నా" అనేవాళ్లు బండిలో ఒక్కరుంటే చాలు, అందరి టికెట్టూ వృథా.

ఇంత చేసినా పులి తక్కువే కనబడుతుంది. కారణం ఆహారం. పెద్దపులి రమారమి వారానికో పెద్ద జంతువును చంపాలి, అంటే ఏడాదికి దుప్పి లాంటివి యాభై. దుప్పులు, కణితులు దండిగా ఉన్న చోట చిన్న ఇలాకాతోనే గడిచిపోతుంది. పలచగా ఉంటే అదే పులి ఎన్నో రెట్ల అడవి తిరగాలి. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్‌లో 2022 లెక్కల ప్రకారం 260 పులులు, విస్తీర్ణం 1,300 చదరపు కిలోమీటర్లలోపే. మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్‌లో 135. మన దగ్గర ఇంతకు రెట్టింపు అడవిలో అదే లెక్కల్లో వాటిలో సగం కూడా తేలలేదు. టీవీలో చూసి మనం ఊహించుకునే సఫారీ ఆ అడవులది. మధ్యప్రదేశ్‌లోనే ఉన్న కాన్హాలో ఒకప్పటి ఊళ్ల పొలాలు బయళ్లుగా మారి, దుప్పులు మందలుగా ఆరుబయట మేస్తాయి. నల్లమలలో అంత బయలు తక్కువ. రాతినేల, ఏటవాలు, గడ్డి ముదిరితే గరుకు, ఎండితే అగ్గి. పక్కనే కృష్ణ ఉన్నా చాలాచోట్ల లోయ అంచులు నిట్టనిలువు. పశువుల మందలు మేత పంచుకుంటాయి, ఉచ్చులు, వేట ఎలాగూ ఉన్నాయి. పైగా మావోయిస్టుల కాలంలో చాలా ఏళ్లు లోపలికి వెళ్లి లెక్కపెట్టడమే కష్టమైన అడవి ఇది. ఆ పరిస్థితి నుంచి ఈ సంఖ్యకు రావడమే గొప్ప అని నేననుకుంటాను.

కనబడనిదాన్ని ఎలా లెక్కపెడతారని అడుగుతారు. పులి ఒంటి చారలు మన వేలిముద్రల్లాంటివి, రెండు పులులకు ఒకేలా ఉండవు. అంతేకాదు, ఒకే పులికి కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు కూడా వేరు. అందుకే దారికి రెండు వైపులా ఎదురెదురుగా కెమెరాలు కడతారు. రాత్రి ఒంటరిగా నడిచిపోయే జంతువు రెండు పక్కలూ ఫొటోలో పడతాయి. ఒక్కోదానికి ఒక నంబరు. మనం ఆ దారినే పొద్దున ఆరున్నరకు జీపులో వెళ్తాం, అది తెల్లవారకముందే వెళ్లిపోయి ఉంటుంది.

2023 మార్చిలో కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురంలో నాలుగు పులికూనలు ఊరి పక్కన దొరికాయి గుర్తుందా? తల్లిని టీ-108గా గుర్తించి, కూనల్ని దానితో కలపాలని సిబ్బంది రాత్రింబవళ్లు గాలించారు, కెమెరాలు పెట్టారు. కుదరలేదు. చివరికి కూనల్ని తిరుపతి జూకు తరలించాల్సి వచ్చింది. ఏ పులి కావాలో తెలుసు, ఏ చుట్టుపక్కల తిరుగుతుందో తెలుసు, వందల మంది వెతికారు. అయినా కలపలేకపోయారు. రెండు గంటల సఫారీ టికెట్టుకు పులి రాలేదని అలిగేవాళ్లకు నేను చెప్పేది ఈ సంగతే.

మనల్ని లోపలికి ఎంతవరకు పంపుతారన్నది ఇంకో లెక్క. 2012 జులైలో సుప్రీంకోర్టు టైగర్ రిజర్వుల కోర్‌లో టూరిజం ఆపేసింది. అక్టోబరులో కొత్త మార్గదర్శకాలు వచ్చాక మళ్లీ అనుమతించింది. కోర్‌లో టూరిజం 20 శాతానికి మించకూడదన్నది వాటిలో ముఖ్యమైనది. అంటే మనం తిరిగే జీపు దారులు అడవిలో ఒక మూల మాత్రమే. ఆత్మకూరు దగ్గర బైర్లూటి, నంద్యాల-గిద్దలూరు దారిలో పచ్చెర్ల, దోర్నాల-శ్రీశైలం దారిలో తుమ్మలబైలు, ఇవి మనకు దగ్గరి చోట్లు. బైర్లూటి, పచ్చెర్లలో రాత్రి ఉండేందుకు క్యాంపులున్నాయి. ఉండగలిగితే ఉండటమే మేలు. పొద్దున మొదటి ట్రిప్పు దొరుకుతుంది, కర్నూలు నుంచి చీకట్లో పరుగెత్తుకొచ్చే టెన్షన్ ఉండదు.

వెంట వచ్చేవాళ్లలో, బేస్ క్యాంపుల్లో కాపలా కాసేవాళ్లలో చాలామంది చెంచులు. శ్రీశైలం మల్లన్న తమ ఇంటి అల్లుడని చెప్పుకునే జనం. వాళ్లకు ఈ అడవి టూరిస్టు స్పాట్ కాదు. తేనె, గడ్డలు, జిగురు, ఇప్పుడు వాచర్ జీతం. తాతల నాటి నుంచి ఉన్న అడవిలో వాళ్లు ఏ హక్కుతో ఉన్నారో చెప్పడానికి ఒక చట్టం, ఎందుకు బయటికి వస్తే బాగుంటుందో చెప్పడానికి ఇంకో చట్టం. ఆ కథ దీనికంటే పెద్దది, ఇంకో వ్యాసంలో రాయాలి. ఇక్కడ చెప్పదలచుకున్నది ఒకటే: జీపులో పక్కన కూర్చున్నాయన మౌనంగా ఉన్నాడంటే ఏమీ తెలియక కాదు, మీరు అడగలేదు. "పులి ఎక్కడ?" అని కాకుండా "రాత్రి ఏమేం తిరిగాయన్నా?" అని అడిగి చూడండి.

సఫారీకి ఇన్ని నిబంధనలు పెట్టిన ఇదే అడవి గుండా శివరాత్రికి, ఉగాదికి జనం వేలకు వేలు నడిచి వెళ్తారు. వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా శ్రీశైలానికి తరాల నాటి కాలిబాట. ఉగాదికైతే కర్ణాటక నుంచి మల్లయ్య భక్తులు సొంతూరి నుంచే నడిచొచ్చి ఈ దారి పట్టుకుంటారు. అది సరిగ్గా ఎండాకాలం మొదలు, నీటి కుంటల దగ్గర జంతువులు చేరే సమయం, రాలిన ఆకులకు అగ్గిపుల్ల చాలు అంటుకునే సమయం. ఆ బాటను ఆపమనడం నా ఉద్దేశం కాదు, ఎవరూ ఆపలేరు కూడా. కానీ ప్లాస్టిక్ సీసాలు, బీడీ ముక్కలు, డీజే పాటలు భక్తిలో భాగం కాదు గదా. మంట పాకకుండా ఫైర్ లైన్లు చెక్కి, మంటలు ఆర్పి, చెత్త ఏరే సిబ్బందికి ఆ రోజుల్లో పులుల మీద ధ్యాస పెట్టే తీరిక ఎక్కడుంటుంది?

పులి పిచ్చి కాస్త పక్కన పెడితే సీమలో చూడదగ్గది ఇంకా ఉంది. అవన్నీ దట్టమైన అడవిలో లేవు, మనం పనికిరాని తుప్పలు, బీళ్లు అనుకునే నేలల్లో ఉన్నాయి. కలివి కోడి (జెర్డాన్స్ కోర్సర్ అనే అరుదైన పిట్ట) సంగతే చూడండి. 1900లో అనంతపురం దగ్గర కనబడ్డాక ఎవరికీ జాడ దొరకలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మార్చారు. రాత్రిపూట తిరిగే పిట్ట, ముళ్లపొదల మధ్య ఖాళీ నేల కావాలి. పొదలు కొట్టేసినా ఉండదు, పొదలు మరీ దట్టమైనా ఉండదు. దాన్ని చూపిస్తామని ఎవరైనా ప్యాకేజీ చెప్తే నమ్మకండి.

అనంతపురం వైపు గుత్తిది ఇంకా వింత కథ. లోహంలా మెరిసే నీలిరంగు టరాంటులా సాలీడు ఒకటి గుత్తి రైల్వే కలప డిపోలో దొరికితే 1899లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు. దాని ఇల్లు గుత్తి కాదు, కలపతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుంది. దాదాపు వందేళ్లకు, 2001లో, నంద్యాల-గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనబడింది. ముసలి చెట్ల తొర్రల్లో ఉంటుంది. పచ్చెర్ల క్యాంపు దారి అదే, మనం పులి కోసం మెడ చాచి చూస్తూ దాటేసేది ఆ చెట్లనే.

కర్నూలు నుంచి పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావాలంటే నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు మేలు. ఆరు చదరపు కిలోమీటర్ల గడ్డిబీడు, బట్టమేకపిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో అభయారణ్యం చేశారు. కంచె వేసి కాపాడితే కృష్ణజింకలు విపరీతంగా పెరిగాయి, బట్టమేకపిట్ట తగ్గుతూ పోయింది. చుట్టూ సాగునీరు వచ్చి మెట్ట పంటలు మారడం కూడా ఒక కారణం. ఇప్పుడు ఆ పిట్ట కోసం వెళ్తే నిరాశే. కానీ కృష్ణజింకల మందలు, అదృష్టం ఉంటే ఒక తోడేలు, పొద్దుటి పూట ఆరుబయట కనబడతాయి. అడవిలో రోజంతా తిరిగినా దొరకనంత చూపు అక్కడ అరగంటలో దొరుకుతుంది.

నల్లమలకే వెళ్లాలనుకుంటే ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ చివరి లోపు చూసుకోండి, శివరాత్రి, ఉగాది వారాలు వదిలేసి. వానాకాలంలో, సాధారణంగా జులై నుంచి సెప్టెంబరు చివరి దాకా, సఫారీలు మూసేస్తారు. అది జంతువులు జతకట్టే, ఈనే కాలం, దారులు కూడా బురదే. క్యాంపు ముందే బుక్ చేసుకోవాలి, శనాదివారాలు తొందరగా నిండిపోతాయి. ఖాకీ, ఆకుపచ్చ రంగు బట్టలు, టోపీ, ఎక్కువ నీళ్లు, బైనాక్యులర్. సెంటు కొట్టుకోవద్దు. ఫోన్ సైలెంట్‌లో పెట్టినా పెట్టకపోయినా లోపల సిగ్నల్ ఎలాగూ ఉండదు కాబట్టి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి బయలుదేరండి. శ్రీశైలం నుంచి దోర్నాల వైపు తిరుగు ప్రయాణమైతే రాత్రి తొమ్మిది లోపే చెక్‌పోస్టు దాటాలి, ఆ తర్వాత గేటు తీయరు. రోడ్డు పక్కన కోతులకు బిస్కెట్లు వెయ్యకండి. వాటి కోసం రోడ్డెక్కి బండ్ల కింద పడేవి ఎక్కువ, ఆ కోతుల వెనక వచ్చే చిరుతలు కూడా ఉన్నాయి.